అయస్కాంతం అంటని చోటు

పోయినవారం ఆమెను మ్యూజియం రెండో హాల్లో, ఒక పాత కారు బానెట్ ఎత్తి పట్టుకుని నిలబడ్డ చోట వదిలేసి వచ్చాం. ఈపాటికి చేయి పీకేస్తూ ఉంటుంది, పాపం. ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో, కొత్తగా ఈ పేజీ తిప్పినవారికి నాలుగు మాటల్లో చెప్పి ఆ చేతిని కిందికి దించుదాం.

ఆమె మోటారు సర్వేయరు. గుద్దుకుని వచ్చిన బండ్లను చూసి, ఏ దెబ్బ ఎలా తగిలిందో, ఏ భాగం పాతదో ఏది కొత్తదో తేల్చి బీమా కంపెనీకి రిపోర్టు రాయడం ఆమె ఉద్యోగం. షెడ్లలో అందరూ సర్వేయరమ్మ అంటారు. వయసు ముప్పై తొమ్మిది. ఆమెకు పదకొండేళ్లప్పుడు, టాక్సీ నడిపే తండ్రి ఒక తెల్లవారుజామున తన ఆకుపచ్చ కారులో దూరపు కిరాయికి వెళ్లాడు. మనిషీ తిరిగి రాలేదు, కారూ తిరిగి రాలేదు. అమ్మ చెప్పింది ఇంతే. ఇంకో మాట అడిగితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

మనిషిని వెతకడం ఎలాగో తెలియక ఆమె కారును వెతకడం మొదలుపెట్టింది. అంత పాత కారు ఇంకా బతికి ఉంటే ఎక్కడుంటుంది? ప్రదర్శనల్లోనో, మ్యూజియాల్లోనో. పదిహేనేళ్లుగా ఏ ఊళ్లో పాతకార్ల షో పెట్టినా ఆమె వెళుతోంది. తోడుగా బాబాయి వస్తున్నాడు. తండ్రికి సొంత తమ్ముడు, పాతకార్ల మెకానిక్కు. ఏ షో ఎప్పుడో ముందుగా తెలిసేది ఆయనకే. పాసులు తెచ్చేదీ ఆయనే. ఒక్క ఈ మ్యూజియానికి మాత్రం ఆమె ఎప్పుడూ రాలేదు. "అక్కడన్నీ మోటారుసైకిళ్లేనే అమ్మలూ, కార్లు లేవు" అని బాబాయి ఎప్పుడో చెప్పాడు. ఆమె నమ్మింది.

ఈ మంగళవారం ఆ మ్యూజియం పైకప్పు రేకు ఊడి ఒక కారు మీద పడిందని, వెళ్లి చూసి రమ్మని ఆఫీసు వాళ్లు పంపారు. వెళ్లి చూస్తే మోటారుసైకిళ్లు మూడే ఉన్నాయి. కార్లు నలభై ఒకటి. రెండో హాల్లో, కిటికీ పక్కన, మీగడ రంగులో మెరిసిపోతున్న కారు బానెట్ కింద ఉన్న ఛాసిస్ నంబరు, నిద్రలో లేపి అడిగినా ఆమె తడుముకోకుండా చెప్పగలిగిన నంబరు.

ఇక కథలోకి వెళదాం.

ఆమె ఆ నంబరును రెండుసార్లు చదివింది. మూడోసారి చివరి అంకె నుంచి మొదటి అంకెదాకా, వేలు పెట్టి వెనక్కి చదివింది. మోసాలు పట్టుకోవడానికి సర్వేలో నేర్పే పద్ధతి అది. ముందు నుంచి చదివితే కళ్లు తమకు తెలిసిందే చదువుకుపోతాయట. వెనక నుంచి చదివినా అదే నంబరు.

ఇన్నేళ్లుగా ఆమె ఈ క్షణాన్ని ఎన్నోసార్లు ఊహించుకుంది. కాళ్లు వణుకుతాయని, నేలమీద కూలబడిపోతానని, నలుగురూ పరిగెత్తుకొచ్చి నీళ్లు తాగిస్తారని అనుకునేది. కాసేపు అలాగే నిలబడి ఎదురుచూసింది. ఏమీ రాలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లుకుంటే ఎవరి కాలినో గిల్లినట్టుంటుంది చూడండి, అలా ఉంది. హాలు చివర ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం స్పష్టంగా వినపడుతోంది. దాని బేరింగు పోయింది అనుకుంది.

"మేడమ్, అది కాదండీ మీ కారు. రేకు పడింది అటుపక్క నల్లదాని మీద."

క్యూరేటరు. పాతికేళ్లు బళ్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఈ ఉద్యోగంలో చేరాడు. పొట్టిగా, శుభ్రంగా ఉంటాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట పసుపురంగు తుడుపుగుడ్డ ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతికందిన కారునల్లా తుడుస్తాడు. ఉదయం ఆమెతో మాట్లాడుతూ పరధ్యానంలో ఆమె బ్యాగును కూడా ఓసారి తుడిచాడు.

"దాన్ని చూశానండీ. రాసుకోవడం అయిపోయింది" అంది ఆమె. "ఇది ఎప్పటి నుంచి ఉంది ఇక్కడ?"

ఆయన మొహం విప్పారింది. పిల్లల మార్కులు అడిగితే మురిసిపోయే తల్లిలా దగ్గరికొచ్చాడు. "ఇదా? దీన్ని మేం పెళ్లికూతురంటామండీ. పదకొండేళ్లయింది వచ్చి. అంతకుముందు ఒకాయన ఇంట్లో పదిహేడేళ్లు కదలకుండా ఉంది. అంతకుముందు ఎవడో మహానుభావుడు టాక్సీకి తిప్పాడట, ఒళ్లంతా ఆకుపచ్చ పులిమి. మేం మళ్లీ కంపెనీ రంగు వేయించాం. చూడండి బోర్డు."

బోర్డు మీద అందమైన అక్షరాలతో రాసి ఉంది: 'ఏనాడూ ప్రమాదానికి గురికాని అరుదైన వాహనం.'

ఆమె బ్యాగు తెరిచి టార్చి తీసింది. దాంతోపాటు చిన్న గుడ్డలో చుట్టిన అయస్కాంతం కూడా తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. బండి ముందు నిలబడితే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

"అదేంటండీ?"

"గీత పడదులెండి, గుడ్డ ఉంది."

అయస్కాంతాన్ని వెనక డోరుకు ఆనించింది. టక్కున అంటుకుంది. పీకి ముందు డోరుకు పెట్టింది. అంటుకుంది. కుడివైపు మడ్‌గార్డుకు, అంటుకుంది. చుట్టూ తిరిగి ఎడమవైపు మడ్‌గార్డుకు పెట్టి చేయి వదిలింది. అయస్కాంతం జారి ఆమె బూటు మీద పడింది.

వంగి తీసుకుని ఇంకో జానెడు పైన పెట్టింది. మళ్లీ పడింది.

"లోపల రేకు లేదా?" అన్నాడు క్యూరేటరు కంగారుగా.

"ఉంది. దాని మీద వేలెడు మందాన పుట్టీ ఉంది. సొట్టను సుత్తితో లేపినంత లేపి, మిగిలింది పుట్టీతో నింపారు. మంచి చేయి. రంగు కింద తెలియనే తెలియదు."

"రంగు వేసినవాడు మాకు చెప్పలేదే!"

"వాడికీ తెలిసుండదు."

ఆమె మళ్లీ బానెట్ ఎత్తి, ఈసారి కడ్డీ ఆన్చి, టార్చి లోపలికి వేసింది. పైన అద్దంలా ఉన్న రేకు లోపలివైపు ఎడమ అంచున చిన్నచిన్న గుంటలు, సుత్తి ఆనవాళ్లు. కింద బిగింపుగా ఉండే పట్టీని ఒకచోట కోసి మళ్లీ అతికారు. తర్వాత ముందద్దం మూల దగ్గర కళ్లు పెట్టింది. ప్రతి గాజు మూలనా తయారైన ఏడాది ముద్ర ఉంటుంది. పక్క అద్దాలన్నిటి మీదా కారు పుట్టిన ఏడాది ఉంది. ముందద్దం మీద ఉన్నది అంతకు చాలా తర్వాతి ఏడాది. ఆమె అయిదో తరగతి చదివిన ఏడాది.

"ఏం తగిలిందంటారు? ఏ గోడో, ఏ స్తంభమో..." క్యూరేటరు గొంతు దిగిపోయింది. బోర్డు వంక దిగులుగా చూస్తున్నాడు.

ఆమె రోజుకు నాలుగు బండ్లు చూస్తుంది. గోడను గుద్దిన బండి బంపరు ముందు చస్తుంది. స్తంభాన్ని గుద్దిన బండి నడుం దగ్గర చీలుతుంది. గొడ్డును గుద్దిన బండి ముందంతా వెడల్పుగా నలుగుతుంది. బంపరుకు ఏమీ కాకుండా, హెడ్‌లైటు దగ్గర మొదలై, మడ్‌గార్డు మీదుగా బానెట్ అంచుకు పాకి, ముందద్దం కింది మూలన ఆగిపోయే దెబ్బ ఒక్కటే. రిపోర్టులో దానికి ఒక్క ముక్క రాస్తారు. ఆమె ఆ ముక్క ఎన్నోసార్లు రాసింది.

"మనిషి" అంది. "సైకిల్ మీద వెళుతున్న మనిషి అయ్యుంటాడు. తల ఇక్కడ తగిలింది."

ఆమె వేలు ముందద్దం మూల మీద ఉంది. క్యూరేటరు తుడుపుగుడ్డ తీసి, ఏం తుడవాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరండీ మీరు?" అన్నాడు, ఇంతసేపూ ఆమె ఎవరో తెలియనట్టు.

"దీన్ని టాక్సీకి తిప్పిన మహానుభావుడి కూతుర్ని."

ఆయనకు పులిమి అన్న మాట గుర్తొచ్చి ఉంటుంది. గబగబా ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి కుర్చీ వేశాడు, టీ పోశాడు, బిస్కెట్ల పళ్లెం ముందుకు జరిపాడు. ఆమె ఒకటి తీసుకుని తింది. ఇంకొకటి తింది. ఆకలిగా ఉందా లేదా అని ఆలోచిస్తే తెలియలేదు. ఆయన బీరువాలో వెతికి, పెళ్లికూతురి ఫైలు తెచ్చి ఆమె ముందు పెట్టి, వీపు తిప్పుకుని కిటికీ తుడవడం మొదలుపెట్టాడు. మర్యాద తెలిసిన మనిషి.

ఫైల్లో అడుగున రెండు కాగితాలున్నాయి. ఒకటి మొదటిసారి కారు అమ్మినప్పటి పత్రం. తేదీ, తండ్రి వెళ్లిపోయిన మూడు నెలలకు. అమ్మినవారు అన్నచోట అమ్మ సంతకం. కారు అమ్మ పేరుతో కొన్నదని ఆమెకు తెలుసు. పోయిన కారును అమ్మ అమ్మిందని తెలియదు. రెండోది గీతల కాగితం మీద చేత్తో రాసింది: 'బండి మొత్తం నేను చూశాను. ఇంజను బాగుంది. ఎక్కడా దెబ్బ లేదు.' కింద పేరు చదవాల్సిన పని లేదు. ఆ రాత ఆమెకు తెలుసు. పదిహేనేళ్లుగా షోల పాసుల మీద ఆమె పేరు రాస్తున్నది ఆ చెయ్యే.

"ఈయన ఇప్పటికీ మాకు తెలుసండీ" అన్నాడు క్యూరేటరు కిటికీ వైపు తిరిగే. "కార్బురేటరు మొరాయిస్తే ఆయన్నే పిలుస్తాం. పెళ్లికూతురంటే ఆయనకి ప్రాణం. వచ్చినప్పుడల్లా దాని దగ్గర కాసేపు నిలబడి గాని వెళ్లడు."

"ఎన్నిసార్లు వచ్చుంటాడు?"

"ఏడాదికి రెండు మూడుసార్లు రావడం ఖాయం."

ఆమె కాగితాలకు ఫొటోలు తీసుకుంది. తర్వాత హాల్లోకి వెళ్లి నల్ల కారు ఫారం పూర్తిచేసింది. పైకప్పు రేకు ఎంత పొడవు, ఎంత ఎత్తు నుంచి పడింది, ఎక్కడ సొట్ట, ఎక్కడ గీత, అన్నీ రాసింది. క్యూరేటరు చేత సంతకం పెట్టించుకుంది. గుమ్మందాకా వచ్చిన ఆయన వెళ్లేముందు ఒక్కమాట అడిగాడు.

"ఆ బోర్డు... తీసేయమంటారా?"

"మీ ఇష్టమండీ" అంది. ఆ మాటకు ఆయన మొహం ఎందుకలా పాలిపోయిందో, బస్సు ఎక్కి సగం దూరం వెళ్లాక ఆమెకు అర్థమైంది. ఆయన తన దగ్గర్నుంచి కోపమో ఏడుపో ఆశించాడు. రెండూ ఇవ్వలేకపోయింది.

*

బాబాయి షెడ్డు రెండు రోడ్లు కలిసే చోట, టైర్ల దుకాణం వెనక ఉంటుంది. మధ్యాహ్నం పూట రేకుల కింద కొలిమిలా ఉంటుంది కాబట్టి పనివాళ్లు అన్నాలకు వెళ్లి ఎండ తగ్గాక గాని రారు. బాబాయి ఒక్కడే బల్ల ముందు కూర్చుని, కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో కార్బురేటరు కడుగుతున్నాడు. అరవై ఆరేళ్లు. బక్కపలచని మనిషి. చెవి వెనక ఎప్పుడూ పదో నంబరు స్పానరు ఉంటుంది. స్నానం చేసేటప్పుడు కూడా తీయడని పిన్ని వెక్కిరిస్తుంది.

"ఏంటే అమ్మలూ, ఈ టైముకి? తిన్నావా?" అంటూ తలెత్తాడు. ఆమె ఫోనులో ఫొటో తెరిచి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లజోడు నుదుటి మీద నుంచి కిందికి దించి చూశాడు. బ్రష్షు గిన్నెలో వదిలేశాడు.

"వెళ్లావా" అన్నాడు. ఎక్కడికని అడగలేదు.

"ఆఫీసు పని మీద. రేకు పడిందట."

"అన్నీ పడతాయి" అన్నాడు ఎటో చూస్తూ. "కూర్చో."

ఆమె కూర్చోలేదు. బ్యాగులోంచి సర్వే ఫారాల ప్యాడు తీసింది. కావాలని చేసింది కాదు. ప్రమాదం జరిగిన బండి గురించి ఒకరిని ప్రశ్నలు అడగాల్సి వచ్చినప్పుడు ఆమె చేతికి ప్యాడు కావాలి, అంతే. పెన్ను మూత తీసి, ఫారంలో ఉన్న వరసలోనే అడిగింది.

"ఎన్ని గంటలకి?"

"అమ్మలూ..."

"చెప్పు బాబాయ్. ఎన్ని గంటలకి జరిగింది?"

ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. కిరసనాయిలు ప్యాంటుకు అంటుతోంది. "తెల్లారుజామున. అయిదున్నరకి."

"వెలుతురు?"

"అప్పుడప్పుడే వస్తోంది. మంచు ఉంది."

"ఎక్కడ?"

"కాలవ పక్క రోడ్డు. పాత గోదాముల దాకా ఎవడూ ఉండడు ఆ వేళప్పుడు. అందుకే అటు వెళ్లారు."

"వెళ్లారా? బండిలో ఎంతమంది?"

ఆమె ఆగింది. సర్వేలో ఆగడం కూడా ఒక పనే. ఎదుటివాడు చెప్పేదాకా పెన్ను కాగితం మీదే ఉంచాలి. బయట టైర్ల దుకాణంలో ఎవరో గాలి కొడుతున్నారు. కంప్రెసరు ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది.

"ఇద్దరు" అన్నాడు.

"కిరాయి మనిషా?"

"కిరాయి లేదు, ఏం లేదు. కిరాయన్నది నీకు చెప్పిన మాట."

"నడిపింది నాన్నేగా?"

ఆయన చెవి వెనక స్పానరు తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టి, దాన్ని వేలితో అటూ ఇటూ తిప్పాడు. "ఆరున్నరకి బండి నా షెడ్డులోకి వచ్చింది. నేను డోరు తీసి లోపల కూర్చోబోయాను, వెనక్కి పెట్టి దాచేద్దామని. మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకున్నాయి. సీటు ముందుకి లాగి ఉంది, చివరి గాడి దాకా. నాకే మోకాళ్లు పట్టలేదు. మీ నాన్న ఆరడుగుల మనిషి."

ఆమె పెన్ను ఆగిపోయింది.

"ఎప్పట్నుంచో పోరుపెడుతోంది, డ్రైవింగ్ నేర్పమని" అన్నాడు బాబాయి. "నేర్చుకుని స్కూలు వ్యాను నడుపుతానంది. నిన్ను ఎక్కించుకుని తనే బడికి తీసుకెళతానంది. మీ నాన్నకి భలే సంతోషం. మా ఆవిడ గేరు వేస్తే నాకంటే మెత్తగా పడుతుందిరా అని ఇక్కడ కూర్చుని చెప్పేవాడు. అది నాలుగోరోజో అయిదోరోజో."

అమ్మ. ఏ కారెక్కినా వెనక సీట్లోనే కూర్చునే అమ్మ. ముందు కూర్చోమంటే కళ్లు తిరుగుతాయనే అమ్మ.

ఆమె ఫారంలో 'డ్రైవరు' అన్న గడి వంక చూసింది. రాయలేదు. కింది గడికి వెళ్లింది.

"ఎదుటి మనిషి?"

"సైకిలు. రొట్టెల బట్టీలో రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి పోతున్నాడు. మంచులోంచి ఒక్కసారిగా కనపడ్డాడట. బ్రేకనుకుని అమ్మ..." ఆయన ఆ వాక్యం వదిలేశాడు. "మీ నాన్న అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, తన సీటు వెనక్కి జరిపే ధ్యాస కూడా లేక అలాగే ముడుచుకుని నడిపి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దించేసరికే అయిపోయింది. ఎలా జరిగిందని అక్కడివాళ్లు అడిగితే, రోడ్డు పక్కన పడి ఉంటే తెచ్చానన్నాడు. వాళ్లు మంచి పని చేశావయ్యా అని మెచ్చుకున్నారు. అది తట్టుకోలేకపోయాడు అమ్మలూ. గుద్దడం కన్నా అది. ఇదిగో, ఇక్కడ, ఈ గోడకి ఆనుకుని కూర్చుని అదే అంటాడు, నన్ను మెచ్చుకున్నార్రా, నన్ను మెచ్చుకున్నార్రా అని."

"అమ్మ?"

"నడిచి ఇంటికి వెళ్లింది. నువ్వు లేచే టైమయిందని."

ఆరోజు ఆమెకు గుర్తుంది. అమ్మ ఆరోజు జడ ఎంత బిగించి వేసిందంటే, రెండో పీరియడ్‌కే తలనొప్పి వచ్చి రిబ్బను విప్పేసుకుంది. టీచరు తిట్టింది. ఇన్నేళ్లలో ఆ రోజు గురించి ఆమెకు మిగిలిన ఒకే ఒక జ్ఞాపకం అది. దాన్ని పట్టుకుని ఎంత లాగినా వెనకాల ఇంకేమీ వచ్చేది కాదు.

"మరి షోలు?" అంది. ఇది ఫారంలో లేదు. "పదిహేనేళ్లు తిప్పావు. ఎండల్లో, వానల్లో. ప్రతి ఆకుపచ్చ కారు దగ్గరా నాతోపాటు వంగి నంబరు చూశావు. అది కాదులేవే అని వీపు తట్టావు."

బాబాయి మొహం ముడుచుకుపోయింది. "వద్దంటే ఊరుకునేదానివా? ఒక్కదానివే తిరిగేదానివి. ఎప్పుడో ఒకప్పుడు సరైన చోటికే వెళ్లేదానివి. నాతో తిరిగితే నేను చూపించిన చోటే వెతుకుతావనుకున్నాను." చిన్నగా, "బాగుండేది కూడా. నీతో అలా తిరగడం. అబద్ధమాడుతున్నానని మర్చిపోయేవాణ్ని" అన్నాడు.

ఆమె ప్యాడు మూసింది. ఆయన చెప్పినదంతా ఆమెకు అర్థమవుతూనే ఉంది. ఎక్కడో ఒక గోదాములోకి సరుకు దించుతున్నట్టు ఒక్కొక్కటే లోపలికి పోతోంది గాని, ఏదీ విప్పి చూడాలనిపించడం లేదు. మ్యూజియంలో తిన్న బిస్కెట్టు తియ్యదనం ఇంకా నాలుక మీద ఉంది. అది ఇబ్బందిగా ఉంది.

"తిట్టవే" అన్నాడు బాబాయి. "ఇది తీసుకుని నెత్తిన ఒకటి పెట్టు" అంటూ స్పానరు ఆమె వైపు తోశాడు. "అలా రాసుకుంటూ నిలబడకు. ఏడవనన్నా ఏడు."

"రావట్లేదు బాబాయ్."

నిజమే చెప్పింది. ఆయన ఆమె మొహంలోకి చూసి, ఆ మాట నిజమని తెలుసుకుని, చూపు తిప్పుకున్నాడు. ఆయన కళ్లే నిండాయి. భుజంతో తుడుచుకున్నాడు, చేతులకు కిరసనాయిలు కాబట్టి.

ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె ఆ ప్రశ్నను ఎవరినీ సూటిగా అడగలేదు. కారెక్కడ అని అడిగింది, ఎటు వెళ్లిందని అడిగింది, ఎవరన్నా చూశారా అని అడిగింది. కారు గురించి అడిగినంతకాలం ఆ రెండో ప్రశ్న అడగక్కర్లేకపోయింది. ఇప్పుడు కారు దొరికింది.

"ఆరోజు పొద్దున ఇక్కడ గోడకి ఆనుకుని కూర్చున్నాడన్నావు. తర్వాత?"

"ఆ చనిపోయినవాడి జేబులో చీటీ ఉంది, ఊరు పేరుతో. మీ నాన్న అది ఉంచుకున్నాడు. వాళ్లింటికి వెళ్లి, నేనే గుద్దానని చెప్పి వస్తాను, మీ వదిన పేరు మాత్రం చచ్చినా ఎత్తకు అన్నాడు. సాయంత్రానికల్లా వచ్చేస్తానన్నాడు. నేనే బస్సెక్కించాను."

"చెప్పాడా?"

"చెప్పాడనే అనుకుంటాను."

"అనుకోవడమేంటి? వాళ్లేం చేశారు నాన్నని? చంపేశారా?"

"ఛ! ఏం మాటలవి?"

"మరి చచ్చిపోయాడా?"

బాబాయి లేచి నిలబడ్డాడు. "ఆ మాట నేను నీతో ఎప్పుడన్నా అన్నానా?" అన్నాడు. "గుర్తుచేసుకో. పోయాడని గానీ, లేడని గానీ, నా నోటితో ఒక్కసారన్నా అన్నానా? మీ అమ్మ అన్నా?"

ఆమె గుర్తుచేసుకుంది. రాలేదు అన్నారు. తెలియలేదు అన్నారు. దొరకలేదు అన్నారు. ఆ మాట ఎవరూ అనలేదు.

ఆయన పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలు, గోళ్ల సందులతో సహా, తొందర లేకుండా తుడుచుకున్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. నంబరు వెతుక్కోలేదు. కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, బొటనవేలితో పది అంకెలూ నొక్కి, స్పీకరు ఆన్ చేసి, కార్బురేటరు పక్కన బల్ల మీద పెట్టాడు.

మోగింది. రెండుసార్లు, మూడుసార్లు. అయిదోసారి మోగుతుండగా ఎవరో ఎత్తారు. ముందు దగ్గు వినిపించింది. తర్వాత, బొంగురుగా, పెద్దవయసు గొంతు.

"ఏంట్రా చిన్నోడా, ఇవాళ ఆదివారం కాదుగా? పాప బాగానే ఉందా?"

బాబాయి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. పిలవాల్సిన మాట ఒక్కటే ఉంది, రెండే అక్షరాలు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ మాటను ఆమె ఎవరి గురించో చెప్పడానికే వాడింది గాని, ఎవరినీ పిలవడానికి వాడలేదు. పెదవులు కదిలాయి.

"ఒరే, వినపడుతోందా? మాట్లాడవేం? పాపకి ఏమన్నా అయిందా?"

అప్పుడు ఆ గొంతు వెనక నుంచి, పక్క గదిలోంచి అన్నట్టు, ఒక ఆడమనిషి పిలిచింది.

"ఎవరండీ ఫోన్లో? అన్నం చల్లారిపోతోంది, పిల్లలూ ఎదురుచూస్తున్నారు, రండి."